భార్యనో భర్తనో అమెరికా తెచ్చుకోవాలంటే జీతం ఎంతుండాలి? ఐ-864 లెక్క ఎలా వేసుకోవాలి

గ్రీన్ కార్డో సిటిజన్‌షిప్పో ఉన్న మనవాళ్ళకి ఇండియాలో పెళ్లవగానే మొదట వచ్చే డౌటు "నా జీతం సరిపోతుందా" అని. నన్నడిగితే అంతకంటే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న "నా ఇంట్లో ఎంతమంది ఉన్నట్టు లెక్క" అని. ఎందుకంటే కావాల్సిన జీతం ఎంతో చెప్పేది ఆ తలల లెక్కే. నేను అక్కడే తప్పు చేసి దాదాపు రెండు నెలలు పోగొట్టుకున్నా, మా ఆవిడ గుంటూరులో, నేను టెక్సాస్‌లో, ఆ రెండు నెలలు ఎలా గడిచాయో మాకే తెలుసు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నా, మీకు ఆ తిప్పలు వద్దు.

ముందే ఒకటి చెప్పేస్తా. మీరు హెచ్1బీ మీద ఉండి భార్యకి హెచ్4 చేయిస్తుంటే ఇది మీకు కాదు, దానికి ఈ ఫారం లేదు, పే స్టబ్సు (జీతం స్లిప్పులు), ఆఫీసు లెటరు లాంటివి చూపిస్తారు అంతే. ఇది ఐ-130 పిటిషన్ వేసి భార్యనో భర్తనో గ్రీన్ కార్డు మీద తెచ్చుకునేవాళ్ళకి. కె-1 ఫియాన్సే వీసా అయితే వీసా టైంలో ఐ-134 అనే వేరే ఫారం, అక్కడ పేదరిక రేఖకి 100 శాతం చాలు, కానీ ఇక్కడికొచ్చి పెళ్లి చేసుకుని గ్రీన్ కార్డుకి వేసేటప్పుడు మళ్ళీ ఈ ఐ-864 తప్పదు.

అసలు ఈ ఐ-864 ఏంటంటే అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్, అంటే "నేను తెచ్చుకునే మనిషి గవర్నమెంటు సాయం మీద పడకుండా నేను చూసుకుంటా" అని మీరు సంతకం పెట్టి ఇచ్చే కాగితం. 1996లో వచ్చిన చట్టంతో ఇది కోర్టులో నిలబడే కాంట్రాక్టు అయింది. ఏదో ఫార్మాలిటీ అనుకుని సంతకం గీకేయకండి, దాని సంగతి కింద చెప్తా.

మొదటి పని: తలలు లెక్కపెట్టడం

తెల్ల కాగితం తీసుకోండి. మీరు ఒకటి. మీరు తెచ్చుకునే భార్య లేదా భర్త రెండు. మీకు 21 ఏళ్ళ లోపు పెళ్లికాని పిల్లలుంటే వాళ్ళు, మొదటి పెళ్లి పిల్లలు వాళ్ళమ్మ దగ్గర ఉంటున్నా సరే వాళ్ళు కూడా. మీ టాక్స్ రిటర్న్‌లో డిపెండెంట్లుగా చూపించుకున్న వాళ్ళు ఇంకెవరైనా ఉంటే వాళ్ళు. ఆ తర్వాత చాలామంది వదిలేసేది: ఇంతకుముందు మీరు ఐ-864 సంతకం పెట్టి తెచ్చుకున్న వాళ్ళు, వాళ్ళ మీద మీ బాధ్యత ఇంకా నడుస్తుంటే.

ఇది మన తెలుగువాళ్ళకి బాగా తగిలే పాయింటు. సిటిజన్‌షిప్ రాగానే మనం చేసే మొదటి పని అమ్మానాన్నలకి గ్రీన్ కార్డు వెయ్యడం కదా. నేనూ అంతే. ఆ తర్వాత నాకు పెళ్లయింది, ఐ-130 అప్రూవ్ అయింది, కేసు ఎన్‌వీసీకి (నేషనల్ వీసా సెంటర్, ఇంటర్వ్యూకి ముందు మన కాగితాలు చూసే ఆఫీసు) వచ్చింది, నేను హౌస్‌హోల్డ్ సైజ్ అన్న దగ్గర ధీమాగా 2 అని వేసి అప్‌లోడ్ చేసేశా. కొన్ని వారాలకి సరిచేసి పంపమని తిరిగొచ్చింది. నేను పది సార్లు చదివా, జీతం కరెక్టు, ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్) కరెక్టు, సంతకం ఉంది. రాత్రి వాట్సాప్ వీడియో కాల్‌లో స్క్రీన్ చూపించి లైను లైను చదువుతున్నా, తను వింటూ వింటూ "ఇంట్లో మనిద్దరమేనా అండీ? మరి అత్తయ్యగారు, మామయ్యగారు?" అంది. పక్క గదిలో నాన్న టీవీ చూస్తున్నారు అప్పుడు. ఇద్దరూ నేను తెచ్చుకున్న వాళ్ళే, ఇద్దరికీ విడివిడిగా ఐ-864 మీద నా సంతకమే ఉంది, నేను మాత్రం వాళ్ళని లెక్కలోనే వెయ్యలేదు. 2 కాదు, 4.

ఇంకో వైపు తప్పు కూడా ఉంది. ఫారంలో "మీకు పెళ్లయితే మీ భార్య/భర్త కోసం 1 వెయ్యండి" అని ఒక లైను ఉంటుంది. మీరు తెచ్చుకునే మనిషే మీ భార్య అయితే పైన ఆల్రెడీ లెక్కపెట్టేశారు కాబట్టి అక్కడ మళ్ళీ వెయ్యకూడదు. ఒకే మనిషిని రెండు సార్లు లెక్కపెట్టుకుని "అయ్యో నా జీతం చాలదు" అని బెంగపడ్డ వాళ్ళు నాకు తెలుసు.

అమ్మానాన్నలు గ్రీన్ కార్డు సరెండర్ చేసి ఇండియా వెళ్ళిపోయి ఉంటే, లేదా సిటిజన్లయి ఉంటే, అప్పుడు ఆ లెక్కలోంచి వాళ్ళు బయటికి వస్తారు. ఊరికే ఆరు నెలలు తెనాలిలో ఉండి వస్తున్నారంటే బయటికి వచ్చినట్టు కాదు, కార్డు ఉన్నంతకాలం లెక్కే.

రెండో పని: ఆ అంకెకి ఎంత కావాలో చూసుకోవడం

ఏటా జనవరిలో అమెరికా ఆరోగ్య శాఖ పేదరిక రేఖ అంకెలు ఇస్తుంది, దాన్ని 125 శాతానికి లెక్కగట్టి యూఎస్‌సీఐఎస్ (ఇమిగ్రేషన్ ఆఫీసు) వాళ్ళు ఐ-864పీ అనే ఒక పేజీలో పెడతారు. 2025 లెక్క ప్రకారం ఇద్దరికి 26,437 డాలర్లు, ముగ్గురికి 33,312, నలుగురికి 40,187, ఐదుగురికి 47,062, ఆపైన ప్రతి మనిషికీ ఇంకో 6,875. అలాస్కా, హవాయి వాళ్ళకి వేరే అంకెలు, ఎక్కువ ఉంటాయి. మిలిటరీలో యాక్టివ్ డ్యూటీలో ఉన్నవాళ్ళు భార్యనో భర్తనో తెచ్చుకుంటే 100 శాతం చాలు, అంటే ఇద్దరికి 21,150. మీరు ఫారం పంపే రోజుకి ఏ సంవత్సరం అంకె నడుస్తోందో అదే చూసుకోండి, పాత వీడియోలో చెప్పిన అంకె పట్టుకోకండి.

ఐటీ జాబ్ ఉన్నవాళ్ళకి ఇది పెద్ద అంకె కాదు. ఇబ్బంది ఎవరికంటే చదువు అయ్యి ఇప్పుడే ఉద్యోగంలో చేరినవాళ్ళు, పార్ట్ టైం చేసేవాళ్ళు, మధ్యలో లేఆఫ్ అయినవాళ్ళు, సొంత బిజినెస్ వాళ్ళు.

మూడో పని: మీ ఆదాయం ఏది, ఎక్కడ నుంచి చూపించాలి

ఫారంలో రెండు వేర్వేరు విషయాలు అడుగుతారు, అవి కలిపేసుకోకండి. ఒకటి ఇప్పుడు మీ ఏడాది ఆదాయం ఎంత అని, అంటే ఈరోజు మీరు చేస్తున్న ఉద్యోగంలో ఏడాదికి వచ్చేది, పన్నులు కట్ కాకముందు. రెండోది పోయిన సంవత్సరం టాక్స్ రిటర్న్‌లో టోటల్ ఇన్‌కమ్ ఎంత అని, అది 1040 ఫారంలో 9వ లైనులో ఉంటుంది. ఇక్కడ 11వ లైను వేసే వాళ్ళు ఉన్నారు, అది అడ్జస్టెడ్ గ్రాస్, అది కాదు అడిగింది.

నా విషయంలో ఏమైందంటే 2024 మధ్యలో ఉద్యోగం పోయింది, ఆ ఏడాది రిటర్న్‌లో టోటల్ 38,400 ఉంది. ఇద్దరి లెక్కలో అది హాయిగా దాటేసింది, అందుకే నేను ఇంకేమీ పెట్టలేదు. నలుగురి లెక్కకి వచ్చేసరికి 40,187 కావాలి, అది చాలదు. కానీ నేను 2025 జనవరిలోనే కొత్త ఉద్యోగంలో చేరిపోయా, ఏడాదికి 72,000. అప్పుడు ఏం చెయ్యాలంటే ఆఫీసు నుంచి లెటర్ తెచ్చుకోవాలి, ఎప్పుడు చేరారు, ఏం పని, ఫుల్ టైమా, జీతం ఎంత అని, దాంతోపాటు ఈ మధ్య ఆరు నెలల పే స్టబ్సు వరసగా పెట్టాలి. పోయిన ఏడు తక్కువ ఎందుకొచ్చిందో నాలుగు లైన్లలో రాసి అది కూడా పెట్టా. చూసేవాళ్ళు ముఖ్యంగా చూసేది ఇప్పటి ఆదాయం, అది నిలబడుతుందా అనేది. కాబట్టి పోయిన ఏడాది తగ్గిందని కంగారు పడి వెంటనే మామయ్యని జాయింట్ స్పాన్సర్‌గా (మీతోపాటు పూచీ పడే ఇంకో మనిషిగా) ఉండమని అడక్కండి, ముందు మీ ఇప్పటి జీతం చూసుకోండి.

రిటర్న్ కాపీ కంటే ఐఆర్ఎస్ (అమెరికా ఆదాయపు పన్ను శాఖ) ట్రాన్‌స్క్రిప్ట్, అంటే మీ రిటర్న్‌కి వాళ్ళిచ్చే సారాంశం, తీసుకోవడం మేలు. ఐఆర్ఎస్ సైట్‌లో అకౌంట్ తెరిచి ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ట్రాన్‌స్క్రిప్ట్ పెడితే మామూలుగా డబ్ల్యూ-2లు (ఏడాది జీతం ఎంతో ఆఫీసు ఇచ్చే కాగితం) అక్కర్లేదు, రిటర్న్ కాపీ పెడితే డబ్ల్యూ-2లు అన్నీ జతచెయ్యాలి. ఒక్క ఏడాది తప్పనిసరి, మూడేళ్ళవి పెట్టుకోవడం మీ ఇష్టం, మూడేళ్ళూ బాగుంటే పెట్టండి.

బిజినెస్ వాళ్ళకి ప్రత్యేకంగా చెప్తున్నా. గ్యాస్ స్టేషన్, రెస్టారెంటు, సొంతంగా ట్రక్కు నడిపేవాళ్ళు, ఊబర్ తిప్పేవాళ్ళు, మీకు చేతికి ఎంత వచ్చిందనేది కాదు, ఖర్చులన్నీ తీసేశాక రిటర్న్‌లో ఎంత మిగిలిందనేదే ఇక్కడ ఆదాయం. పన్ను తగ్గుతుందని ఖర్చులన్నీ చూపించేసి చివరికి 15,000 మిగిల్చుకుంటే పన్ను మిగులుతుంది కానీ భార్య వీసాకి అదే అడ్డమవుతుంది. పెళ్లి ఆలోచన ఉంటే ఆ సంవత్సరం రిటర్న్ వేసేముందే ఇది గుర్తు పెట్టుకోండి. ఫుడ్ స్టాంపులు, మెడికెయిడ్ లాంటివి ఆదాయం కింద రావు.

ఇండియాలో మీ భార్యకి మంచి జీతం ఉందనుకోండి, హైదరాబాద్‌లో నెలకి లక్షన్నర, అది ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే ఆ ఉద్యోగం ఆమె ఇక్కడికి వచ్చేసరికి ఆగిపోతుంది కదా. ఆమె ఆల్రెడీ ఇక్కడే మీతోపాటు ఉండి హెచ్1బీ మీదో ఈఏడీ (వర్క్ పర్మిట్) మీదో పని చేస్తూ, గ్రీన్ కార్డు వచ్చాక కూడా అదే పని కొనసాగిస్తే మాత్రం ఆ జీతం కలుపుకోవచ్చు.

పెళ్లయ్యాక టాక్స్ ఎలా వేశారు?

దీన్ని విడిగా పెట్టా, ఎందుకంటే మనవాళ్ళలో చాలామంది ఇక్కడే ఇరుక్కుంటున్నారు. డిసెంబర్ 31 నాటికి మీకు పెళ్లయి ఉంటే, ఆమె ఇండియాలో ఉన్నా, ఎస్ఎస్ఎన్ లేకపోయినా, మీరు సింగిల్ అని రిటర్న్ వెయ్యకూడదు. నా ఫ్రెండ్ ఒకడికి టాక్స్ చేసినాయన "ఆవిడ రాలేదు కదా, సింగిల్ వేసేద్దాం" అని వేసేశాడు. ఇప్పుడు ఐ-130లో పెళ్లి తేదీ ఒకటి, అదే ఏడాది రిటర్న్‌లో సింగిల్. పెళ్లి నిజమైనదేనా అని అనుమానించే వాళ్ళకి మనమే చేతికి అందించినట్టు అయింది. తర్వాత 1040-ఎక్స్ (సవరించిన రిటర్న్) వేసి సరిచేసుకున్నాడు.

మీకు మామూలుగా దారులు రెండు. మ్యారీడ్ ఫైలింగ్ సెపరేట్ వేసి ఆమె నంబర్ ఉండాల్సిన చోట ఎన్ఆర్ఏ (నాన్ రెసిడెంట్ ఏలియన్) అని రాయడం, ఇది సులువు. లేదంటే ఆమెని రెసిడెంటుగా చూపించి జాయింట్ వెయ్యడం, దానికి డబ్ల్యూ-7 ఫారం వేసి ఐటిన్ (ఎస్ఎస్ఎన్ లేనివాళ్ళకి ఇచ్చే టాక్స్ నంబర్) తెచ్చుకోవాలి, ఆమె ఇండియా ఆదాయం కూడా రిటర్న్‌లో చూపించాలి. జాయింట్ వేస్తే పన్ను తగ్గొచ్చు, కానీ అప్పుడు ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఇద్దరి ఆదాయం కలిసి ఉంటుంది కాబట్టి మీ వాటా ఎంతో తెలియడానికి మీ డబ్ల్యూ-2లు తప్పకుండా పెట్టండి.

జీతం చాలకపోతే

మూడు దారులున్నాయి. మీ ఇంట్లోనే ఉండే బంధువు, అంటే మీ అన్నో, నాన్నో, ఉద్యోగం చేస్తుంటే ఆయన ఐ-864ఏ సంతకం పెట్టి తన ఆదాయం మీదాంట్లో కలపొచ్చు.

రెండోది ఆస్తులు. సిటిజన్ తన భార్యకో భర్తకో వేస్తుంటే తక్కువ పడిన మొత్తానికి మూడు రెట్లు ఆస్తి చూపించాలి, గ్రీన్ కార్డు వాళ్ళయితే ఐదు రెట్లు. ఉదాహరణకి ఇద్దరి లెక్క 26,437, మీ ఆదాయం 20,000 అనుకోండి, తక్కువ పడింది 6,437. సిటిజన్‌కి 19,311 డాలర్ల ఆస్తి, గ్రీన్ కార్డు వాళ్ళకి 32,185. బ్యాంకులో డబ్బు, షేర్లు, ఎఫ్‌డీలు, ఇంటి విలువలో అప్పు పోను మిగిలింది. కారు అయితే రెండోది ఉంటేనే. ఏడాదిలోపు డబ్బుగా మార్చుకునేలా ఉండాలి, అదే రూలు.

మీ భార్య పేరు మీద ఇండియాలో ఉన్న ఆస్తి కూడా పనికొస్తుంది, జీతం కాదు కానీ ఆస్తి ఒప్పుకుంటారు. అయితే ఆ డబ్బు దేశం దాటి తెచ్చుకోగలమని చూపించాలి. ఫ్లాట్ అయితే రిజిస్ట్రేషన్ డాక్యుమెంటు, తాజా ఈసీ, వాల్యూయర్ రిపోర్టు పెట్టుకోండి. ఊళ్ళో ఎకరం పొలం ఉంది కోటి పలుకుద్ది అంటారు మనవాళ్ళు, పొలం ఏడాదిలో అమ్ముడుపోయి డబ్బు చేతికి రావడం ఎంత తలనొప్పో మీకు తెలిసిందే, ఆఫీసర్‌కి అది నమ్మకంగా అనిపించాలిగా. బంగారం సంగతీ అంతే, దాని మీద ఆధారపడొద్దని నా సలహా. పెళ్ళికూతురు పేరు మీద ఎఫ్‌డీ ఉంటే అది చాలా శుభ్రమైన ఆస్తి, ఏడాది స్టేట్‌మెంటుతో పెట్టేయండి.

మూడోది జాయింట్ స్పాన్సర్. బంధువే కానక్కర్లేదు, 18 ఏళ్ళు నిండి అమెరికాలో నివాసం ఉండే సిటిజనో గ్రీన్ కార్డు మనిషో అయితే చాలు. ఆయన తన కుటుంబం తలలకి మీ ఆవిడని కలుపుకుని ఆ అంకె తన వైపు ఆదాయంతోనే దాటాలి, మీది కొంత ఆయనది కొంత కలిపితే కుదరదు. ఆయన ఉన్నా సరే మీరు మీ ఐ-864 విడిగా వెయ్యాల్సిందే, మీ ఆదాయం సున్నా అయినా.

సంతకం పెట్టేముందు

ఈ బాధ్యత ఎప్పటిదాకా అంటే ఆమె సిటిజన్ అయ్యేదాకా, లేదా ఆమె ఖాతాలో సోషల్ సెక్యూరిటీ 40 క్వార్టర్లు పడేదాకా, అంటే ఇంచుమించు పదేళ్ళ పని, లేదా ఆమె గ్రీన్ కార్డు వదిలేసి దేశం విడిచి వెళ్ళేదాకా, లేదా ఇద్దరిలో ఎవరైనా చనిపోతే. విడాకులతో ఇది పోదు. దయచేసి ఈ మాట ఇంకోసారి చదవండి. విడాకులయ్యాక కూడా ఆమె ఈ కాగితం పట్టుకుని కోర్టుకి వెళ్ళి పోషణ అడగొచ్చు, ఆ హక్కు ఆమెకుంది. ఇది పెళ్లికూతుళ్ళూ తెలుసుకోవాలి, పరాయి దేశంలో ఒంటరిగా మిగిలిపోతే ఈ కాగితం ఒక ఆసరా, దాని కాపీ ఒకటి మీ దగ్గర కూడా ఉంచుకోండమ్మా.

జాయింట్ స్పాన్సర్‌కీ ఇదే బాధ్యత, పూర్తిగా. "ఊరికే సంతకమే బాబాయ్" అని పెట్టించుకోవడం అన్యాయం. ఆయనకి ఇదంతా కూర్చోబెట్టి చెప్పి, పిన్నిని కూడా కూర్చోబెట్టి చెప్పి, ఒక వారం టైం ఇచ్చి, అప్పుడు అడగండి. వద్దంటే మనసులో పెట్టుకోకండి.

పంపించడం, ఆ తర్వాత

ఐ-130 అప్రూవ్ అయ్యాక కేసు ఎన్‌వీసీకి వస్తుంది. అక్కడ ఆన్‌లైన్‌లో ఐ-864 ఫీజు 120 డాలర్లు, వీసా ఫీజు 325 కట్టాలి. ఒక్కరికే వేస్తూ, మీ ఆదాయం మొత్తం డబ్ల్యూ-2 ఉద్యోగం నుంచే అయితే ఐ-864ఈజెడ్ అని చిన్న ఫారం ఉంది, అది వాడుకోండి. నోటరీ అక్కర్లేదు. కానీ ప్రింట్ తీసి పెన్నుతో సంతకం పెట్టి స్కాన్ చెయ్యండి, పేరు టైప్ చేస్తే సంతకం కాదు. అన్ని పేజీలూ ఉండాలి, చివరి ఖాళీ పేజీ అనుకుని వదిలేసేది కూడా.

మీరు సిటిజనే కానీ ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నారంటే ఇంకో మెలిక ఉంది, స్పాన్సర్ నివాసం అమెరికాలో ఉండాలి. తిరిగొచ్చి ఉండబోతున్నారని చూపించాలి: అమెరికాలో జాబ్ ఆఫర్, ఇల్లు లీజు, బ్యాంకు ఖాతా, పిల్లల స్కూల్ అడ్మిషన్ లాంటివి.

హైదరాబాద్‌లో కాన్సులేట్ ఉన్నా ఈ వీసా ఇంటర్వ్యూకి మీ ఆవిడ ముంబై వెళ్ళాలి. ఐ-864, ట్రాన్‌స్క్రిప్ట్, లెటర్, కొత్త పే స్టబ్సు ఒక సెట్టు ప్రింట్ తీసి ఆమె చేతికి ఇవ్వండి. ఎన్‌వీసీలో వేసిన దగ్గర్నుంచి ఇంటర్వ్యూ దాకా నెలలు పడుతుంది, ఈలోపు మీరు ఉద్యోగం మారితే కొత్త లెటర్ తప్పనిసరి. 125 శాతం దాటగానే వీసా గ్యారంటీ అని కాదు, ఆమె వయసు, ఆరోగ్యం, చదువు కూడా ఆఫీసర్ చూస్తాడు. మా ఆవిడని "మీ ఆయన ఏం చేస్తారు, ఎంతమంది ఉంటారు ఇంట్లో" అని అడిగారు. "నలుగురం" అంది.

తను వచ్చాక ఇల్లు మారితే మీ బాధ్యత నడుస్తున్నన్నాళ్ళూ 30 రోజుల్లో ఐ-865 (స్పాన్సర్ అడ్రసు మారిందని చెప్పే ఫారం) వెయ్యాలి, వెయ్యకపోతే 250 నుంచి 2,000 డాలర్ల దాకా జరిమానా ఉంది. గ్రీన్ కార్డు ఉన్న ప్రతి మనిషీ తన అడ్రసు మారిందని పది రోజుల్లో వేసే ఏఆర్-11 వేరు, అది ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని. మేం మొన్న పెద్ద అపార్ట్‌మెంటుకి మారినప్పుడు అవి మూడు వేశాం, అమ్మకొకటి, నాన్నకొకటి, తనకొకటి.